వేంగి కొండ మీద దిఙ్నాగుడు

ఏలూరుకు ఉత్తరాన పెదవేగి ఉంది. ఇప్పుడు చుట్టూ పామాయిల్ తోటలు, కొబ్బరి తోటలు. ఒకప్పుడు ఇదే వేంగీపురం, శాలంకాయన రాజుల రాజధాని. 7వ శతాబ్దంలో చీనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఆంధ్రదేశం వచ్చినప్పుడు ఈ నగరం గురించి రాశాడు. ఇరవై దాకా సంఘారామాలు, మూడు వేల మంది భిక్షువులు ఉన్నారన్నాడు. నగరానికి నైరుతిగా ఒంటరి కొండ ఒకటి, దాని మీద రాతి స్తూపం ఒకటి ఉన్నాయని, బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతువిద్యా శాస్త్రం రాసిన చోటు అదేనని చెప్పాడు. ఆ కొండకు ముడిపడిన కథనూ తన గ్రంథంలో పొందుపరిచాడు. ఇవాళ ధ్యానానికి కూర్చునే ముందు ఆ కథ తలుచుకుందాం. జ్ఞానోదయం అంటే ఏమిటన్న ప్రశ్న మీద మన నేలలో నడిచిన వాదన అది. ఒక రాజు, ఒక భిక్షువు, ఒక బోధిసత్త్వుడు అందులో తలో మాట అన్నారు.

దిఙ్నాగుడు కొండగుహలో సమాధిలో ఉన్నాడు. బుద్ధుడు చూపిన హేతుమార్గం కాలక్రమంలో మసకబారిందని, దాన్ని మళ్లీ వెలికి తీయాలని ఆయన పట్టుదల. ధ్యానం చిక్కబడేసరికి కొండ కంపించింది, లోయలు మారుమోగాయి, గుహలోంచి వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూసి దేశాన్ని ఏలే రాజు పరుగున వచ్చాడు. మళ్లీ పుట్టుక లేని అర్హత్ ఫలాన్ని అందుకోమని చేతులు జోడించాడు. తాను కోరేది సంపూర్ణ సంబోధి అని, జన్మరాహిత్యం మీద తనకు ఆశ లేదని భిక్షువు బదులు చెప్పాడు. రాజు వదల్లేదు. జ్ఞానులందరూ కోరేది అదే కదా, ఆలస్యం చేయవద్దని బతిమాలాడు. బతిమాలగా బతిమాలగా దిఙ్నాగుడి మనసు మెత్తబడింది. సరే, ఆ ఫలమే పొందుదామనుకున్నాడు. అప్పుడు మంజుశ్రీ బోధిసత్త్వుడు ప్రత్యక్షమై మందలించాడు. అందరినీ గట్టెక్కిస్తానన్న పెద్ద సంకల్పాన్ని వదిలేసి నీ ఒక్కడి మేలు చూసుకుంటున్నావేమని అడిగాడు. మైత్రేయ బోధిసత్త్వుడి శాస్త్రాన్ని లోకానికి విప్పి చెప్పమన్నాడు. దిఙ్నాగుడు తల వంచాడు. మళ్లీ చదువులో పడ్డాడు. గ్రంథం పూర్తి చేశాడు.

ఈ కథలో రాజును తేలిగ్గా తీసిపారేయకూడదు. అతను దుర్మార్గుడు కాడు, ఆశపోతు కాడు. తన కోసం ఏమీ అడగలేదు. తనకు అందని గొప్ప ఫలం ఎదుటి మనిషికి అందుతోందని సంతోషించి, ఆలస్యమైతే చేజారిపోతుందేమోనని భయపడ్డాడు. అతని మాట మనకు కొత్తది కూడా కాదు. కార్తీకంలో తెల్లవారకముందే రాజమండ్రి రేవులో మునకలు వేసేవాళ్లు గోదావరి తల్లిని అడిగే కోరికల్లో అన్నిటికన్నా పెద్దది, మళ్లీ జన్మ లేకుండా చూడమనే. పుష్కరాలకు లక్షలమంది వచ్చేది కూడా అందుకే. ఇన్ని బాధలు పడినవాడు ఇక చాలనుకోవడంలో తప్పేముంది? బుద్ధుడు తన ధర్మాన్ని మొదలుపెట్టింది కూడా దుఃఖం దగ్గరే. పుట్టుక, ముసలితనం, జబ్బు, చావు, ఇష్టమైనవారికి దూరం కావడం, ఇవన్నీ దుఃఖమేనని మొట్టమొదటి బోధలోనే చెప్పాడు. ఆ దుఃఖం ఆరిపోవడం నిజమైన మేలే. రాజు అడిగింది ఆ మేలునే.

అయినా మంజుశ్రీ ఎందుకు అడ్డుపడ్డాడు?

టిబెట్టు చరిత్రకారులు ఇదే మలుపును వేరే చోట పెట్టి, వేరే రంగులో చెప్పుకున్నారు. దిఙ్నాగుడు గుహ గోడ మీద సుద్దతో ఒక శ్లోకం రాసుకుని భిక్షకు వెళ్తే, పరమత పండితుడు ఒకడు వచ్చి దాన్ని చెరిపేశాడు. మళ్లీ రాస్తే మళ్లీ చెరిపేశాడు. వాదానికి పిలిస్తే వచ్చి ఓడిపోయాడు. ఓడినవాడు ఒప్పుకోలేదు సరికదా, మంత్రశక్తితో నిప్పు పుట్టించి ఆయన బట్టలు కాల్చాడు. ఈ ఒక్కడికే మేలు చేయలేని నేను లోకానికేం చేస్తానని దిఙ్నాగుడు కుంగిపోయాడు. చేతిలోది పైకి విసిరి, అది నేల మీద పడగానే సంకల్పం విడిచిపెడదామనుకున్నాడు. అది పడలేదు. పైన మంజుశ్రీ పట్టుకుని ఉన్నాడు.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపైనా ఆలోచించవచ్చు. పెద్ద పనిని మనిషి మధ్యలో వదిలేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది టిబెట్టు కథలోది: విసుగు. ఎంత చెప్పినా వినని మనిషి, రాసిందల్లా చెరిపేసే చెయ్యి. దీన్ని మనం వెంటనే గుర్తుపడతాం, మనలో కలిగినప్పుడు సిగ్గుపడతాం కూడా. రెండోది వేంగి కథలోది. అక్కడ ఎవరూ చెరపలేదు, కాల్చలేదు. భక్తి ఉన్న మనిషి వచ్చి, మీరు చేసింది చాలు, ఇక మీ సుఖం మీరు చూసుకోండి అన్నాడు. మన మీద ప్రేమ ఉన్నవాళ్ల నోటి నుంచి వచ్చే ఈ మాటకు లొంగడం పాపంలా కనిపించదు. వాళ్ల మనసు నొప్పించలేక ఒప్పుకున్నామని సర్దిచెప్పుకోవచ్చు. నాకు వేంగి కథే లోతైనదిగా తోస్తుంది. అందులో ప్రమాదం పూలదండ వేసుకుని వచ్చింది.

మంజుశ్రీ ఇచ్చిన ఆజ్ఞను ఇప్పుడు చూడండి. అందరినీ గట్టెక్కించమన్నాడు, బాగుంది. అందుకోసం దిఙ్నాగుడు ఏం చేశాడు? సత్రం కట్టించలేదు, మహిమలు చూపించలేదు. తర్కశాస్త్రం రాశాడు. కరుణ అనగానే మనకు అన్నం పెట్టే చెయ్యి, కన్నీరు తుడిచే చెయ్యి గుర్తొస్తాయి. మనిషికి సరిగ్గా ఆలోచించడం నేర్పడమూ కరుణే అని వేంగి కొండ మీద ఒక భిక్షువుకు తోచింది. బౌద్ధంలో దుఃఖానికి వేరు అవిద్య. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడలేకపోవడమే ఆ అవిద్య. అలాంటప్పుడు చూపు సరిచేసే విద్య కన్నా పెద్ద దానం ఏముంటుంది?

ఆయన పెద్ద గ్రంథం ప్రమాణసముచ్చయం. తెలుసుకోవడానికి మార్గాలు రెండే అంటాడు అందులో: ప్రత్యక్షం, అనుమానం. అనుమానం అంటే మనం రోజూ వాడే అర్థంలో సందేహం కాదు, కారణం చూపి తేల్చుకోవడం. పెద్దలు చెప్పారు, గ్రంథంలో ఉంది అన్నదాన్ని ఆయన వేరే మార్గంగా లెక్కపెట్టలేదు. ఎవరి మాటనైనా అనుమానంలో భాగంగానే పరీక్షించి తీసుకోవాలన్నాడు. ఆ పరీక్షకు మూడు మెట్లు పెట్టాడు. కొండ మీద నిప్పు ఉందని పొగను చూసి చెబుతున్నామనుకోండి. ఆ పొగ నిజంగా ఆ కొండ మీద ఉండాలి. నిప్పు ఉన్నచోట పొగ ఉండటం మనం ఎరిగి ఉండాలి. నిప్పు లేనిచోట పొగ ఎక్కడా లేకపోవాలి. మూడిట్లో ఏది తప్పినా తీర్పు చెల్లదు.

డెల్టాలో మార్గశిర పుష్య మాసాల్లో పొద్దున్నే కాలువగట్టు మీద నడిచేవారికి ఇది పాఠం చెప్పకుండానే తెలుస్తుంది. నీళ్ల మీద నుంచి తెల్లగా లేచేదంతా పొగ కాదు. అది మంచు. దూరం నుంచి చూసి నిప్పంటుకుందని కేకలు వేస్తే ఊరంతా బిందెలు పట్టుకుని పరుగెత్తాలి. మన మనసు రోజంతా చేసే పని ఇదే. పెదనాన్నగారబ్బాయి పెళ్లిలో పలకరించలేదు, కనుక పొలం తగాదా ఇంకా మనసులో పెట్టుకున్నాడు. కోడలు ఫోన్ ఎత్తలేదు, కనుక లెక్కలేదు. మంచును చూసి పొగ అన్నాం, పొగ చూసి నిప్పు అన్నాం, ఆ లేని నిప్పుకు రాత్రంతా కాలాం. దిఙ్నాగుడి శాస్త్రాన్ని పండితుల వాదాలకు పనికొచ్చే విద్యగా మాత్రమే చూసేవాళ్లున్నారు. నేను దాన్ని ధ్యానగ్రంథంగానే తీసుకుంటాను. మనసుకు కళ్లెం వేయడం అన్న మాటకు ఇంత నికరమైన ఉపాయం ఇచ్చినవాళ్లు తక్కువ.

ఇక్కడ ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. వేంగి కథ మహాయానులది. అందులో అర్హత్ ఫలం సొంత లాభంలా కనిపిస్తుంది. కానీ పాళీ గ్రంథాలు చదివితే అర్హతులు అంత తీసిపోయినవాళ్లేమీ కారు. బుద్ధుడికి తొలి అరవైమంది అర్హతులు తయారు కాగానే ఆయన వాళ్లను ఒకచోట కూర్చోనివ్వలేదు. బహుజనుల మేలు కోసం తిరగమన్నాడు, ఒకే దారిన ఇద్దరు వెళ్లవద్దన్నాడు. ఆయనకే మొదట సందేహం వచ్చింది. బోధి చెట్టు కింద తెలుసుకున్నది లోకానికి అర్థమవుతుందా, చెప్పి అలసిపోవడమెందుకు అనుకున్నాడు. బ్రహ్మ సహంపతి వచ్చి, కళ్లలో దుమ్ము తక్కువగా ఉన్నవాళ్లు కొందరున్నారు, వాళ్ల కోసం చెప్పమని వేడుకున్నాడు. అంటే వేంగిలో దిఙ్నాగుడు నిలబడిన చోట గయలో బుద్ధుడు నిలబడ్డాడన్నమాట. బోధించడానికి ఒప్పుకుని కాశీ వైపు నడక సాగించాక దారిలో ఎదురైన మొదటి మనిషి ఉపకుడు అనే ఆజీవక సన్యాసి. ముఖంలో ఆ కళ ఏమిటి, నీ గురువెవరు అని అడిగాడు. నాకు గురువు లేడు, నేనే తెలుసుకున్నాను అంటే, అయి ఉండవచ్చులే అని తల ఊపి పక్కదారిన వెళ్లిపోయాడు. సంబోధి పొందిన మనిషిని ఎదురుగా చూసి ఆగని మొదటివాడు అతను. బుద్ధుడు అతన్ని ఆపలేదు, తన నడకా ఆపలేదు.

మన ఆంధ్ర భిక్షువులు ఇంకో మాట అన్నారు. ధాన్యకటకం కొండల పేరు పెట్టుకున్న పూర్వశైలీయులు అర్హతుడికి కూడా తెలియనివి ఉంటాయని వాదించారు. దారి తెలియకపోవచ్చు, ఎదుటివారి పేరు తెలియకపోవచ్చు, గడ్డీ చెట్ల పేర్లు తెలియకపోవచ్చు, ఎవరో ఒకరు చెప్పాల్సి రావచ్చు. కథావత్థు అనే పాళీ గ్రంథంలో ఈ వాదనను ఖండించడానికే ఎత్తి రాశారు. ఆ గ్రంథం రాసిన స్థవిరవాదులు, పేర్లు తెలియకపోవడం వేరు, మోహం వేరు అన్నారు. వాళ్లు చెప్పింది సరే. అయినా పూర్వశైలీయుల మీద నాకు మమకారం. జ్ఞాని అంటే అన్నీ తెలిసినవాడని మనం పెట్టుకున్న భ్రమ ఎందరు కపట గురువులను పోషించిందో చూస్తూనే ఉన్నాం. ఊరికి దారేదని పశువుల కాపరిని అడిగే అర్హతుడిని ఊహించుకున్న ఆ భిక్షువులు నేలకు దగ్గరగా ఆలోచించారు.

నేల సంగతి వచ్చింది కనుక గుంటుపల్లికి వెళ్దాం. కామవరపుకోట దగ్గర, మెట్ట ప్రాంతంలో, జీలకర్రగూడెం పక్కన ఉన్న కొండ అది. క్రీస్తుపూర్వం నాటి గుహావిహారాలు, వరుసలుగా రాతి స్తూపాలు, గుండ్రటి గుహాచైత్యం ఉన్నాయి. చైత్యం లోపల కప్పును కర్రవాసాలతో కట్టినట్టు రాతిలో చెక్కారు. బీహారులో బరాబర్ గుహలు చూసినవారికి ఆ పోలిక తెలుస్తుంది. వానాకాలంలో భిక్షువులు మూడు నెలలు ఒకచోట ఉండిపోవాలని బుద్ధుడి నియమం. పచ్చని పైరును, చిన్న ప్రాణులను తొక్కుకుంటూ తిరుగుతున్నారని జనం ఫిర్యాదు చేస్తే పెట్టిన నియమం అది. ఆషాఢం నుంచి కింద పొలాల్లో నాట్లు పడుతుంటే పైన ఈ అరల్లో వాళ్లు కదలకుండా కూర్చునేవారు. రైతు కోసం ఆగడం కూడా వాళ్ల సాధనలో భాగం.

అక్కడ దొరికిన స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో ఒక దానశాసనం ఉంది. కళింగ, మహిషక దేశాలకు అధిపతి, మహామేఘవాహన వంశీయుడు సిరిసద మహారాజు దగ్గర పనిచేసే లేఖకుడు చుళగోముడు మండపం దానం చేశాడని అందులో చెక్కారు. రాజు పేరు బిరుదులతో సహా ఉన్నా, దాత మాత్రం రాతకోతలు చూసుకునే ఉద్యోగి. అతను గుహలో కూర్చోలేదు. కొలువు వదల్లేదు. ఇంకెవరో కూర్చుని ధ్యానం చేసుకోవడానికి నీడ ఏర్పాటు చేశాడు. జ్ఞానోదయం తనకు ఈ జన్మలో అందదని అనుకున్నాడో, ఇవ్వడమే తన మార్గమనుకున్నాడో శాసనం చెప్పదు. నాకైతే దిఙ్నాగుడు పుట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందే అతను మంజుశ్రీ మాట విన్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడా గుండ్రటి చైత్యంలోని స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధర్మలింగేశ్వరస్వామి అని పిలిచి పూజిస్తారు. చరిత్ర చదివినవాళ్లు కొందరు దీన్ని చూసి నొచ్చుకుంటారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలతో వచ్చే ఆ ఆడపడుచులను తప్పుపట్టలేను. స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసే అలవాటు వాళ్ల పాదాల్లోనే మిగిలింది. ఆ పేరులో ధర్మం అన్న మాట ఇంకా నిలిచే ఉంది.

కోనసీమలో జ్ఞానోదయం అంటే ఏమిటన్న ప్రశ్న ఇంకో రూపం ఎత్తింది. వైనతేయ ఒడ్డున, సముద్రానికి దగ్గరలో ఆదుర్రు స్తూపం ఉంది. ఊరివాళ్లు దుబరాజు గుడి అంటారు. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ ఇక్కడ ఆగిందని చెప్పుకుంటారు. అదే మండలం మామిడికుదురులో 1911లో బోయి భీమన్న పుట్టారు. ఆయన పాలేరు నాటకంలో భూస్వామి దగ్గర పాలేరుగా ఉన్న కుర్రవాడు చదువుకుని అధికారి అవుతాడు. ఆ నాటకం చూసి పిల్లలను బడికి పంపిన తల్లిదండ్రుల గురించి ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలమందితో బౌద్ధం స్వీకరించాక, ఇక్కడి దళిత పేటల్లో ఎందరికో బుద్ధుడు కొత్తగా ఎదురయ్యాడు. వేంగి రాజు దిఙ్నాగుడిని మళ్లీ పుట్టుక లేని ఫలం అందుకోమన్నాడు. వీళ్లకు కావలసింది పుట్టుకను బట్టి మనిషిని తూచని లోకం. బుద్ధుడు శాక్య రాజకుమారుల కన్నా ముందు మంగలి ఉపాలికి దీక్ష ఇచ్చి, ఆ కుమారుల చేత అతనికి మొక్కించాడు. ఆ ఒక్క ఘటనలో వీళ్లకు సంబోధి అంతా కనిపిస్తే, అది తక్కువ చూపని నేను అనుకోను. 2022లో జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టబోతే అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. అవిద్య అన్నది పాత పుస్తకాల్లో మాట కాదని ఈ నేల మీద బతికేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

దిఙ్నాగుడి పుస్తకం ఏమైందో కూడా తెలుసుకోవాలి. ఆయన రాసిన న్యాయముఖం అనే గ్రంథాన్ని హుయాన్‌త్సాంగే చీనాభాషలోకి తీసుకుపోయాడు. ప్రమాణసముచ్చయానికి ధర్మకీర్తి వార్తికం రాశాడు. భారతదేశంలో సంస్కృత మూలం కనుమరుగైతే టిబెట్టు అనువాదం కాపాడింది. టిబెట్టు నుంచి తరలివచ్చి కర్ణాటకలోని బైలకుప్పె, ముండగోడు మఠాల్లో చదువుకునే భిక్షువులు ఇప్పటికీ ఈ ప్రమాణశాస్త్రం మీదే గంటల తరబడి వాదించుకుంటారు. ఒకడు నేల మీద కూర్చుని జవాబు చెబుతాడు, ఒకడు నిలబడి, చప్పట్లు కొడుతూ ప్రశ్న వేస్తాడు. వాదం మొదలయ్యే ముందు మంజుశ్రీ బీజాక్షరం పలుకుతారు.

ఇక ఇవాళ కూర్చున్నప్పుడు చేయవలసింది.

ఊపిరి కుదుటపడ్డాక, ఈ వారంలో మీరు ఎవరి గురించైనా ఖాయంగా తేల్చేసుకున్న మాట ఒకటి గుర్తు తెచ్చుకోండి. వాడు ఇలాంటివాడు, ఆమె అందుకే అలా చేసింది అన్నటువంటిది. అది మీరు కళ్లారా చూశారా? కారణం చూపి తేల్చారా? ఎవరో అంటే విన్నారా? విన్నదైతే పక్కన పెట్టండి. తేల్చినదైతే మూడు మెట్లూ ఎక్కించి చూడండి, ముఖ్యంగా మూడోది: ఆ గుర్తు వేరే కారణం వల్ల కనిపించే వీలు లేదా? అక్కడ తర్కం ఆగిపోతే తీర్పును కూడా ఆపండి. దాని బదులు ఆ మనిషి సుఖంగా ఉండాలని మనసారా అనుకోండి. ఇది మైత్రీభావన, మీకు తెలిసిందే.

తర్వాత ఇంకొకరిని తలుచుకోండి. విసిగిపోయి గానీ, ఇక నీకెందుకులే అని ఎవరో ప్రేమగా అన్నందుకు గానీ మీరు చెప్పడం మానేసిన మనిషి ఒకరుంటారు. లెక్కలు రాక బడి మానేసిన కుర్రాడు కావచ్చు, మూఢనమ్మకంలో డబ్బు తగలేస్తున్న పిన్నిగారు కావచ్చు. ఇవాళ ఒకసారి వాళ్ల దగ్గరికి వెళ్లండి. ముందు వాళ్లు ఎందుకలా అనుకుంటున్నారో పూర్తిగా వినండి. వాళ్లు చెప్పినదాంట్లో నిజం ఉంటే ఒప్పుకోండి. ఆ తర్వాత మీకు తెలిసినంత చెప్పండి, వాళ్లు అడిగినదాంట్లో తెలియనిది ఉంటే తెలియదనండి. పూర్వశైలీయులు అర్హతుడికే ఆ వెసులుబాటు ఇచ్చారు.